ఒంటిగంటకి ఆగే నెట్

మా పెదనాన్న ఫోన్‌లో ఒక జాబితా ఉంటుంది. ఇంట్లో ఉన్న రౌటర్‌కి ఏయే పరికరాలు తగులుకుని ఉన్నాయో చూపించే యాప్ అది. మొత్తం పదకొండు వరసలు. అమ్మ ఫోను, నాన్న ఫోను, పెద్దమ్మ ఫోను, పెదనాన్నవి రెండు, హాల్లో టీవీ, కింద షాపులో బిల్లులు కొట్టే కంప్యూటరు, కెమెరాల పెట్టె. మిగిలిన మూడూ నావి: నా ఫోను, నా పాత లాప్‌టాప్, కంపెనీ పంపిన లాప్‌టాప్.

ఒక్కో వరస పక్కన చిన్న బొత్తాం ఉంటుంది. నొక్కితే ఆ పరికరానికి నెట్ ఆగుతుంది. పెదనాన్న రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి షాపు షట్టరు సగం దించి, కళ్ళజోడు నుదుటిమీదకి తోసి, షాపు కంప్యూటరూ కెమెరాల పెట్టే తప్ప మిగతావన్నీ ఒక్కొక్కటిగా ఆపేవారు. మా ఇంట్లో భోజనానికి ఎవరూ ఎవరినీ పిలవరు. నెట్ ఆగుతుంది, అంతే. అమ్మ చూస్తున్న వీడియోలో మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలబడిపోతాడు, అమ్మ లేచి కంచాలు పెడుతుంది. అందరం తిని చేతులు కడిగాక ఆయనే మళ్ళీ నొక్కేవారు. పావుగంట నుంచి ఇరవై అయిదు నిమిషాలు. పప్పుచారు ఉన్న రోజు ఎక్కువ పట్టేది.

మాది నరసరావుపేటలో బోరు మోటార్ల షాపు. కింద షాపు, పైన ఇల్లు. వినుకొండ వైపు నుంచీ క్రోసూరు వైపు నుంచీ రైతులు వస్తారు. పెదనాన్న కౌంటర్లో కూర్చుంటారు, నాన్న పొలాలకి వెళ్ళి మోటార్లు దించి వస్తాడు. పెదనాన్న కూతుళ్ళిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. ఇంట్లో మేము అయిదుగురం. ఇంజనీరింగ్ అయ్యాక నాకు ఇంటినుంచే చేసే ఉద్యోగం వచ్చింది. ఎక్కడో ఉన్న సర్వర్లు పడిపోకుండా కనిపెట్టుకుని ఉండటం, పడిపోతే లేపటం. ఆరు నెలలు చూసి ఖాయం చేస్తామని కంపెనీవాళ్ళు అన్నారు. అదే ఆరు నెలల గడువు పెదనాన్న కూడా పెట్టారు.

"ఆర్నెల్లు చూస్తారా. పర్మినెంట్ అయితే నీ ఇష్టం. కాకపోతే కౌంటర్లో కూచో. నాకు మోకాళ్ళు పట్టుకుంటన్నయ్."

ఆ కౌంటర్ నాకు బాగా తెలుసు. సెలవుల్లో కూర్చున్నాను. ఎదురుగా వైండింగ్ వైరు చుట్టలు, తల పైన కెమెరా, పక్కన స్టార్టర్ల బీరువా. కూర్చున్న మనిషి లేవాలంటే ముందు చెక్క అడ్డపలక ఎత్తాలి. నాన్న మాటల్లో చెప్పాలంటే అది కుర్చీ కాదు, చొక్కా. ఒకసారి తొడిగితే ఇంక విప్పరు.

నా గది మేడమీద చివర్లో ఉంది. ఒకవైపు గోడ నాపరాళ్ళది, రెండడుగుల మందం, షాపు నేల నుంచి డాబా దాకా ఒకే గోడ. మా తాతయ్యా ఆయన తమ్ముడూ ఒకప్పుడు ఇంటిని మధ్యకి పంచుకుని కట్టిన గోడ అని చిన్నప్పటినుంచీ వింటున్నాను. అవతలి సగం చేతులు మారి ఇప్పుడు ఎవరిదో విత్తనాల గోడౌన్. నాకు మటుకు ఆ గోడ గురించి తెలిసింది రెండే విషయాలు. దానివైపు కిటికీ లేదు. దాని పక్కన ఫోన్ సిగ్నల్ ఒక గీతకి మించి రాదు. అందుకే ఫోన్‌లోంచి నెట్ పంచుకుని పనిచేసే దారి నాకు లేదు. ఉన్నది హాల్లో ఉన్న రౌటర్ ఒక్కటే. హాల్లో ఉన్న కెమెరాకి నా గది తలుపు కనిపిస్తుంది. నేను ఎన్నింటికి తలుపు తీశానో కింద కౌంటర్లో కూర్చున్నాయనకి తెలుస్తుంది.

అయిదో నెల నడుస్తుండగా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. అందులో మూడు షరతులున్నాయి. కంపెనీ లాప్‌టాప్ ఉన్న నెట్‌వర్క్‌లో ఇంకే పరికరమూ ఉండకూడదు. పనివేళల్లో కనెక్షన్ తెగకూడదు. నాది దాదాపు రోజూ మధ్యాహ్నం ఒకే సమయానికి తెగుతున్నట్టు వాళ్ళ దగ్గర నమోదయింది, కారణం చెప్పాలి. తనిఖీ జరిగేటప్పుడు గదిలో నేను తప్ప ఎవరూ ఉండకూడదు. తనిఖీ వచ్చే మంగళవారం పన్నెండున్నరకి. అందులో తప్పితే ఉద్యోగం ఖాయం కాదు.

కారణం ఏమని రాయాలో చాలాసేపు ఆలోచించాను. 'భోజనం' అని రాసి చెరిపేశాను. 'విద్యుత్ అంతరాయం' అని రాశాను.

ఆపొద్దని పెదనాన్నని అంతకుముందే ఒకసారి అడిగాను. "తినే పావుగంట లోకం ఆగిపోదులేరా" అన్నారు. కాబట్టి ఈసారి అడగకుండా చేద్దామనుకున్నాను. నా ముందు రెండు మార్గాలున్నాయి. ఒకటి, పూర్తిగా కొత్త లైను తీసుకోవడం. రెండు, ఉన్న రౌటర్‌కే ఇంకో రౌటర్ తగిలించి, దాని వెనక నా నెట్‌వర్క్ విడిగా నడపడం. మొదటిదే శుభ్రమైనది. శనివారం పొద్దున్నే మా వీధికి నెట్ ఇచ్చే ఆపరేటర్ ఆఫీసుకి వెళ్ళాను. ఆ అన్న చిన్నప్పటినుంచీ తెలిసినవాడే. మెట్ల మీద కూర్చుని వైరు కొసలు గీరుతున్నాడు.

"ఇంకో కనెక్షనా? ఎవురికి తమ్ముడూ?"

"నాకేనన్నా."

"మీ ఇంట్లోకేనా?"

"మా ఇంట్లోకే."

అతను గీరడం ఆపాడు. "ఏంది, వేరు పడ్డారా?"

"అదేం లేదన్నా, ఆఫీసు పని."

"ఒక డోర్ నంబరుకి ఒకటే ఉంది, అది మీ పెదనాన్న పేరు మీద ఉంది. రెండోది ఇయ్యాలంటే ఆయన సంతకం కావాల. పెద్దాయనకి తెలవకుండా స్తంభం ఎక్కానంటే రేపు మోటారు చెడితే నేను యాడికి పోవాల?"

నేను నవ్వి వచ్చేశాను. అతనన్న మాట నా చెవిలో నిలవలేదు. అప్పటికి నా బుర్రలో ఉన్నది రెండో మార్గం ఒక్కటే. ఫోన్లు బాగుచేసే షాపులో వాడిన రౌటర్ ఒకటి దొరికింది, తీసుకున్నాను.

ఆదివారం పదకొండింటికి పని మొదలుపెట్టాను. షాపులో జనం ఉండే వేళ అది, పెదనాన్న పైకి రారు. హాల్లోంచి నా గది దాకా గోడ అంచు వెంట వైరు లాగాను. కొత్త రౌటర్ వెనక అయిదు రంధ్రాలుంటాయి. వాటిలో ఒకటే బయటినుంచి వచ్చే లైనుకి, మిగతా నాలుగూ లోపలి పరికరాలకి. ఆ ఒక్కదానికి నీలిరంగు ఉండాలి. వాడిన రౌటర్ కదా, రంగులన్నీ ఒకేలా బూడిదగా అయిపోయాయి. చివరన ఉన్నదే అయి ఉంటుందనుకుని తగిలించాను. అది కాదు.

ఏం జరిగిందో తేలిగ్గానే చెప్పొచ్చు. ఇంట్లో ప్రతి పరికరానికీ అంకెల్లో ఒక చిరునామా ఇచ్చేది రౌటరే. తప్పు రంధ్రంలో పెట్టడం వల్ల నా రౌటర్ విడిగా నిలబడకుండా ఆ ఇంట్లోకే జొరబడి, తనే పెద్దనన్నట్టు అందరికీ చిరునామాలివ్వడం మొదలుపెట్టింది. పైగా రెండింటి సొంత చిరునామా కూడా ఒకటే. ఎవరు ఎవరిని అడగాలో పరికరాలకి తెలియలేదు. ముందు టీవీ ఆగింది. తర్వాత అమ్మ ఫోను. అమ్మ గడియారం వైపు చూసి, ఇంకా పన్నెండు కూడా కాలేదే అనుకుంటూ కంచాలు తీయడానికి లేచింది. ఆ తర్వాత పెదనాన్న ఫోన్‌లో కెమెరాలు నల్లగా అయిపోయాయి.

మెట్ల మీద చప్పుడు విని, వేరే రంధ్రంలోకి మార్చేలోపే ఆయన గది గుమ్మంలో ఉన్నారు.

"ఒరేయ్, కెమెరాలు పోయినయ్. నువ్వేమన్నా చేశావా?"

"అయిదు నిమిషాలు పెదనాన్నా. నాకు వేరే రౌటర్ పెట్టుకుంటున్నా."

"నీకు ఇంకోటేంది?"

నేను వైరు చేతిలో పట్టుకునే చెప్పాను. వివరంగా, ఒక్క ముక్క కూడా తప్పులేకుండా చెప్పానని అప్పుడనుకున్నాను. "ఇప్పుడందరం ఒకదాని మీదే ఉన్నాం గదా, అందుకే ఇబ్బంది. మీది మీకుంటది, నాది నాకుంటది. మీరు నా దాన్లోకి రారు, నేను మీ జోలికి రాను. వేరుగా ఉంటే ఎవరికీ గొడవ లేదు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. పెద్దమ్మ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. పెదనాన్న నా మంచం మీద కూర్చున్నారు. ఆయన నా మంచం మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ నాన్న సెప్పమన్నాడా?"

"నాన్నకేం తెలీదు."

"నిన్న ఆ కేబులోడు ఫోన్ చేశాడు. మీ వాళ్ళు పంపకాలు పెట్టుకుంటన్నారంటగా అని. నవ్వుతా అన్నాడు. నేనూ నవ్వా." ఫోన్ తీసి నాన్నకి కలిపారు. "తమ్ముడూ, నీ మనసులో ఏదన్నా ఉంటే నాతో సెప్పు. పిల్లోడి చేత ఎందుకు అనిపిస్తావు?"

నాన్న క్రోసూరు దగ్గర ఎవరి పొలంలోనో ఉన్నాడు. ఫోన్లోంచి గాలి, పక్కన మనుషుల అరుపులు. "ఏందన్నా? వినపడట్లా. మోటారు సగం దిగింది, తాడు నా చేతిలో ఉంది. వదిలానంటే పాతాళానికి పోద్ది. మళ్ళీ చేస్తా."

పెదనాన్న ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. అందులో నాలుగు నల్ల గళ్ళు. ఆయన తన షాపు తనకి కనపడక ఎంతసేపు ఉన్నారో లెక్క నాకు గుర్తుంది: నలభై నిమిషాలు. నేను ఆ నలభై నిమిషాల్లో వైరు తీసేశాను, పాత రౌటర్‌ని ఆపి మళ్ళీ వేశాను, కెమెరాలు వచ్చాయి. ఆయన లేచి కిందికి వెళ్ళిపోయారు. ఆరోజు ఒంటిగంటకి నెట్ ఆగలేదు. ఎవరికీ భోజనానికి లేవాలని తోచలేదు. రెండు దాటాక తలా ఒక వేళకి తిన్నాం.

సాయంత్రం అమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"ఆ మాట ఎందుకన్నావురా?"

"ఏ మాట?"

"నువ్వన్న మాటే. విడిగా అనొచ్చుగా. నేను ఈ ఇంటికొచ్చి ఇరవయ్యేడేళ్ళు. ఏనాడన్నా నా నోట విన్నావా?"

వినలేదు. అమ్మ చెప్పాకే వరసగా గుర్తొచ్చాయి. మా ఇంట్లో తడిబట్టలు విడిగా ఆరేస్తారు. ఉపవాసం ఉన్నవాళ్ళకి విడిగా వండుతారు. విరిగిన బేరింగులు విడిగా పెడతారు. ఊరందరూ వేరుశనక్కాయలంటే మా ఇంట్లో పల్లీలంటారు. కాలేజీలో స్నేహితులు దానికి నవ్వితే, మా ఇంటి అలవాటు అనుకున్నానే తప్ప ఎందుకని అడగలేదు. కారణం ఇప్పుడు అమ్మ చెప్పింది. తాతయ్య అన్నం తింటూ తింటూ తమ్ముడితో ఆ మాట అన్నాడట. వారం తిరిగేసరికి నాపరాళ్ళు బండ్ల మీద వచ్చాయట. అప్పటికి పెదనాన్నకి పన్నెండేళ్ళు. గోడ లేస్తున్నంతసేపూ అవతల నుంచి ఆయన చిన్నాన్న పిల్లలు రాళ్ళ సందుల్లోంచి వేళ్ళు పెట్టి పిలిచేవాళ్ళట. సందులు పూడేదాకా.

"నేను చెప్పింది నెట్ గురించమ్మా."

"తెలుసు. ఆయనకి తెలవద్దా?"

మంగళవారానికి రెండు రోజులున్నాయి. సోమవారం పొద్దున షాపు తెరవకముందే కాగితం తీసుకుని కిందికి వెళ్ళాను. కౌంటర్ మీద పెట్టి ఒక గడి గీసి పాత రౌటర్ అని రాశాను. కొంచెం దూరంలో ఇంకో గడి, కొత్త రౌటర్. మధ్యలో గీత. కంపెనీ మెయిల్‌లో ఉన్నదంతా తెలుగులో చెప్పాను, ఒంటిగంట సంగతితో సహా. ఆయన మెయిల్ గురించి ఏమీ అడగలేదు. గీత మీద వేలు పెట్టారు.

"ఇదేంది?"

"మన రౌటర్ నుంచి దానికి పోయే వైరు."

"ఇది పీకితే?"

"నాది ఆగిపోద్ది."

"నేను ఫోన్లో నొక్కితే?"

"అప్పుడూ ఆగిపోద్ది."

ఆయన కళ్ళజోడు నుదుటిమీదకి తోశారు. "అంటే మెయిన్‌కి వేసిన సబ్‌మీటరు. మెయిన్ దించితే అదీ పోద్ది."

"అంతే పెదనాన్నా."

"మరి ఆ మాట ముందు సెప్పొచ్చుగా. ఇది వేరు కాదుగా." ఆ మాట ఆయన నోట రావడం నేను మొదటిసారి విన్నాను. చాలా మెల్లగా, వేడి గిన్నె దించినట్టు అన్నారు. "పెట్టుకో."

"రేపొక్కరోజు ఒంటిగంటకి దాన్ని ఆపొద్దు. మీరందరూ తినేయండి."

"నువ్వు రాకుండా ఎట్టా తింటార్రా?" అన్నారు. ఆపనని మాత్రం అనలేదు. నేను మళ్ళీ అడగలేదు.

ఆరోజే సరైన రంధ్రం వెతికి తగిలించాను. కొత్త రౌటర్‌కి వేరే అంకెల చిరునామా ఇచ్చాను, కొత్త సంకేతపదం పెట్టాను. కంపెనీ లాప్‌టాప్ ఒక్కదాన్నే దాని మీదకి మార్చాను. నా ఫోనూ పాత లాప్‌టాపూ పాతదాని మీదే ఉంచాను. పనిచేసింది. నా గదిలోంచి చూస్తే బయటి నెట్‌వర్క్ కనిపిస్తోంది, కెమెరాల పెట్టె పేజీ కూడా తెరుచుకుంటోంది. బయటినుంచి చూస్తే మాత్రం నా లాప్‌టాప్ లేదు. లోపలివాడికి బయట కనపడుతుంది, బయటివాళ్ళకి లోపల కనపడదు. నా వైపు నుంచి బయటికి కనపడే ఆ దారి కూడా మూసేశాను.

మంగళవారం పన్నెండున్నరకి తెర మీద ఒకావిడ కనిపించింది. ఇంగ్లీషులో మాట్లాడింది, తొందరేమీ లేని గొంతు. రౌటర్ పేజీ తెరిచి చూపించమంది. జాబితాలో ఒకటే వరస. మంచిది అంది. కెమెరా తిప్పి గది నాలుగు గోడలూ చూపించమంది. చూపించాను. నాపరాతి గోడ దగ్గర ఒక్కక్షణం ఆగి, కిటికీ లేదా అని అడిగింది. లేదన్నాను. అది కూడా మంచిదే అంది. తర్వాత ఒక్కొక్క ప్రశ్నే చదువుతూ, నా జవాబు టైప్ చేసుకుంటూ పోయింది.

పన్నెండు యాభై ఎనిమిదికి ఇంకా చాలా ప్రశ్నలు మిగిలి ఉన్నాయి. ఒంటిగంటకి కింద షట్టరు సగం దిగిన చప్పుడు వినిపించింది. హాల్లో టీవీ గొంతు మధ్యలో తెగింది. బల్ల మీద నా ఫోన్‌లో వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం వచ్చింది. జాబితాలో ఆయన పైనుంచి కిందికి వస్తున్నారని అర్థమైంది. రౌటర్ మీద ఆకుపచ్చ దీపం వైపు చూస్తూ జవాబులు చెప్పాను. ఒంటిగంటా నాలుగు. దీపం వెలుగుతూనే ఉంది.

తర్వాత మెట్లు. ఆయన మోకాళ్ళకి ఆ మెట్లు ఎంతసేపు పడతాయో నాకు తెలుసు. గుమ్మం ముందు ఆగారు. తెరలో పడే చోటు కాదు. గడప అవతలే నిలబడ్డారు. చేతిలో ఫోను, యాప్ తెరిచి ఉంది, బొటనవేలు గాజు మీద ఆనీ ఆనకుండా ఉంది. ఆపడానికి వచ్చారో, ఆపలేదని చెప్పడానికి వచ్చారో ఆయన మొహంలో తెలియలేదు. నేను తల తిప్పలేదు. కంటి చివరనుంచే చూశాను.

ఆవిడ అడిగింది: ప్రస్తుతం మీ గదిలో మీరు కాక ఎవరైనా ఉన్నారా?

"నో" అన్నాను.

మీ కనెక్షన్‌ని ఆపగలిగే అధికారం మీకు కాక ఇంకెవరికైనా ఉందా?

"నో. నోబడీ."

పెదనాన్నకి ఇంగ్లీషు రాదు. కానీ మోటార్ల కంపెనీలతో నలభై ఏళ్ళు మాట్లాడిన మనిషి. 'నో' తెలుసు, 'నోబడీ' కూడా తెలుసు. బొటనవేలు గాజు మీద నుంచి లేచింది. ఫోన్ జేబులో పెట్టుకుని, గోడ పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. ఆవిడ ఇంకో పది నిమిషాలు అడిగింది. నేనేం చెప్పానో నాకు గుర్తులేదు.

ఒంటిగంటన్నర దాటాక గదిలోంచి బయటికొచ్చాను. హాల్లో నలుగురూ కూర్చుని ఉన్నారు. నాన్న కూడా పొలం నుంచి వచ్చేశాడు. కంచాలు ఖాళీగా ఉన్నాయి. నేను కూర్చున్నాక పెద్దమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోయింది.

"అయిందా?" అన్నారు పెదనాన్న.

"అయింది."

"ఉంటదా ఉద్యోగం?"

"ఉండొచ్చు."

"మరి ఇంక వేపకాయ తిన్నట్టు పెట్టావేంది మొహం" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

పెదనాన్న పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిన్నారు. "ఎవురూ లేరన్నావు" అన్నారు, కంచంలోకి చూస్తూ.

"గదిలో ఎవరన్నా ఉన్నారా అని అడిగింది పెదనాన్నా. మీరు గడప బయట ఉన్నారు."

ఆయన దాన్ని ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, ఏ మోటారు ఏ బోరుకి సరిపోతుందో చూసినట్టు. "గడప బయట ఉంటే లేనట్టేనా?"

నేను మొదటి ప్రశ్నకి నిజమే చెప్పాను. రెండో ప్రశ్నకి అబద్ధం చెప్పాను. ఆయన అడుగుతున్నది రెండింటిలో దేని గురించో నాకు తెలియలేదు. అందుకని చల్లారిన అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాను.

"వాడికి పచ్చడెయ్యి" అన్నారు పెద్దమ్మతో.

తర్వాతి నెలలో ఉద్యోగం ఖాయమైంది. కౌంటర్ మాట మళ్ళీ రాలేదు. మోకాళ్ళ మాట కూడా రాలేదు. మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఆయన జాబితాలో ఇప్పటికీ పదకొండు వరసలే: నా కంపెనీ లాప్‌టాప్ పోయింది, ఆ స్థానంలో కొత్త రౌటర్ వచ్చింది. మొదట్లో అది అర్థంలేని అక్షరాలూ అంకెలుగా కనిపించేది. ఒకరోజు ఆయన ఫోను ఛార్జింగ్‌కి పెడుతూ చూశాను. పేరు మార్చి ఉంది. 'గది' అని తెలుగులో కొట్టారు. ఆ వరసని ఆయన ఎప్పుడూ ఆపలేదు.

కంపెనీవాళ్ళు ప్రతి నెలా ఒక ఫారం పంపుతారు. అందులో ఆ రెండో ప్రశ్న ఉంటుంది. నెలనెలా 'ఎవరికీ లేదు' అని నింపి పంపుతాను. ఒంటిగంటకి టీవీ ఆగుతుంది, నా ఫోను ఆగుతుంది. కంపెనీ లాప్‌టాప్‌లో పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపాల్సింది ఇప్పుడు నేనే. ఒక్కోసారి సర్వర్ పడి ఉంటుంది, వదిలి లేవలేను. అలాంటప్పుడు హాల్లోంచి చప్పుడేమీ రాదు. గరిటె చప్పుడు కూడా రాదు. నలుగురూ కంచాల ముందు కూర్చుని ఉన్నారని తెలుస్తూనే ఉంటుంది.